రేకుల కాలేజీ దరఖాస్తు

ఒక అమ్మాయి దరఖాస్తును నేను నా నిఘంటువులో దాచిపెట్టాను. సరదాకే. నేను చేసిన వెధవపనులన్నింటికీ ఊళ్లో జనం నవ్వారు గానీ, దీనికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆ అమ్మాయి నూర్జాన్. బైండింగు బడేసాహెబ్ పెద్దకూతురు.

బడేసాహెబ్ మద్రాసు ప్రెస్సులో పన్నెండేళ్లు పుస్తకాలు కుట్టి, నెల్లూరొచ్చి చిన్న అంగడి పెట్టుకున్నాడు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపి, ఆ వేళ్లతోనే బీడీ వెలిగించేవాడు. "పురుగులకు పెట్టే మందు నువ్వే తింటా ఉండావు మామా" అని ఏడిపించేవాణ్ణి. కుట్టిన పుస్తకాన్ని ఒక పూటంతా సన్నికల్లు కింద పెట్టందే, ఆఫీసు జవాన్లు వచ్చి అరిచినా ఇచ్చేవాడు కాదు. ఇంగ్లీషు అక్షరం రాదు. కానీ పుస్తకం వెన్ను వేలితో తడిమి, దాన్నెవరైనా చదివారో లేదో చెప్పేసేవాడు.

అప్పట్లో మాకు రెండు కాలేజీలు. జనం పెట్టిన పేర్లే రాస్తున్నాను. మేడ కాలేజీలో పి.యు.సి.కి ఎనభై సీట్లు, ఆరేడు వందల దరఖాస్తులు. రైలుగేటు అవతల రేకుల కాలేజీ. కొత్తది, అడిగినవాళ్లకల్లా సీటు. అంతమందిని వెనక్కి పంపేదే గొప్ప కాలేజీ అని నా లెక్క. ఊరి లెక్కా అదే.

అరవై ఒకటిలో నూర్జాన్ మంచి మార్కులతో ఎస్.ఎస్.ఎల్.సి. పాసైంది. దరఖాస్తులు ఇంగ్లీషులో నింపి పోస్టు చేసే పని నాకు పడింది.

"రేకుల కాలేజీకి పంపు అబ్బయ్యా," అన్నాడు బడేసాహెబ్.

"ఏంది మామా, నూర్జాన్ ఆ రేకుల కిందనా? దాంట్లో ఎవురినైనా చేర్చుకుంటారు."

"చేర్చుకుంటే ఏం? వాళ్ల లైబ్రరీ పుస్తకాలు నా కాడికి అట్టలూడి, మూలలు నలిగి వస్తాయి. పిలకాయలు చదవతా ఉండారు. మేడోళ్లకు పదేళ్ల నాడు నేను కుట్టినవి ఇప్పుడు విప్పినా కిర్రుమంటాయి. అది లైబ్రరీనా, పెండ్లికూతురి పెట్టెనా?"

"నీకేం తెలుసు మామా!"

"సరే, చదివినోడివి నువ్వు. రెండింటికీ పంపు."

రెండూ పోస్టు చేశానని చెప్పాను. చేసింది ఒకటే. మేడ కాలేజీలో సీటొచ్చాక, రెండో దరఖాస్తు తీసి ఆయన ముందు ఆడించి నవ్వాలని నా ఎత్తు.

లిస్టు అంటించారు. మూడుసార్లు చదివాను. నూర్జాన్ పేరు లేదు.

ఆ రెండో దరఖాస్తున్న నిఘంటువు చంకన పెట్టుకుని రైలుగేటు దాటి పరుగెత్తాను. ప్రిన్సిపాలు ఆ రేకుల కింద చెమటలు తుడుచుకుంటూ మార్కులు చూశాడు. "ఇట్లాంటి పిల్లల కోసమే కదయ్యా మేం ఇక్కడుండేది," అన్నాడు. గడువు దాటి పదకొండు రోజులైంది. పేర్లు యూనివర్సిటీకి వెళ్లిపోయాయి. వచ్చే ఏడు రమ్మన్నాడు.

జరిగింది చెప్తే బడేసాహెబ్ తిట్టలేదు. జిగురు కలుపుతూనే ఉన్నాడు, గడ్డకట్టేదాకా.

వచ్చే ఏడు రాకముందే ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. నూర్జాన్ సూది పట్టుకుంది. జూన్‌లో నేను కొత్త దరఖాస్తు తెచ్చిస్తే, రెండువైపులా చదివి, మడతపెట్టి, జిగురుగిన్నె కింద పరిచింది.

ఇది జరిగి అయిదేళ్లు. రేకుల కాలేజీ పుస్తకాలు ఇప్పటికీ చినిగి వస్తూనే ఉన్నాయి. నూర్జాన్ కుట్టి, సన్నికల్లు కింద పెట్టేముందు ఒక్కోదాన్నీ కాసేపు చదువుకుంటుంది. బడేసాహెబ్ గోడకానుకుని, ఎడమచేత్తో వెన్నులు తడుముతూ కూర్చుంటాడు.

మొన్న వెళ్లి చెప్పాను: "మామా, ఈ ఏడు మేడ కాలేజీ ఆరొందల మందిని వెనక్కి పంపిందంట. అదేం గొప్ప కాదని పత్రికకు రాయబోతా ఉండా."

నూర్జాన్ సూది ఆగింది. బడేసాహెబ్ తలెత్తకుండానే అన్నాడు:

"వాళ్లు ఆరొందల మందిని పంపింది తర్వాత రాద్దువులే. నువ్వు ఒక పిల్లను వెనక్కి పంపినావే, ముందు అది రాయి."