దివాను పద్యం, అమ్మ వంత

నడుము వంచితేనే పని అని మా అమ్మ నమ్మకం. జగిత్యాల కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్తానంటే, "ఫ్యాను కింద నిలవడి మాట్లాడుడు గూడ పనేనా బిడ్డా?" అంటుంది. ఇన్నేళ్లలో నేను మాట్లాడగా ఆమె ఒక్కసారీ వినలేదు. వినాలని, విని ఔననాలని నాకు చచ్చేంత కోరిక.

మొన్న వానాకాలంలో కోరుట్లలో సాహిత్య సభ పెట్టి, నిజాం కాలపు ఒక దివాను, అంటే ప్రధానమంత్రి, మీద మాట్లాడమన్నారు. తెల్లదొరల కనుసన్నల్లో రాజ్యం నడుపుతూనే ఉర్దూలో కవిత్వం రాసిన మనిషి. మల్లాపూర్ నుంచి అమ్మను బతిమాలి తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టాను.

ముందు దివాను పెట్టించిన బడుల గురించి చెప్పాను. తర్వాత, వాన రాత్రి నిద్ర రాదంటూ ఆయన రాసిన పద్యాన్ని తెలుగు చేసి, ఉర్దూ కవుల ముషాయిరాలో లాగా మొదటి పాదం రెండుసార్లు చదివాను. అంతే, అమ్మ గొంతెత్తి అదే పాదం అందుకుంది! నాట్లలో పాట చెప్పే మనిషి ఒక చరణం రెండుసార్లు అంటే మిగతావాళ్లు అందుకోవాలి. లేకుంటే పాట చెప్పే మనిషికి అవమానం. పాపం, నా పరువు కాపాడుదామనుకుంది. సభంతా గొల్లున నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. అధ్యక్షుడు, ఒక ముసలి ఉర్దూ సారు, మాత్రం "వాహ్ అమ్మా, కానియ్యి" అన్నాడు. రెండో పాదానికి వెనక కుర్చీల్లోని ఆడవాళ్లు కూడా గొంతు కలిపారు.

పద్యం అయ్యాక అమ్మ లేచి నిలబడింది. "వానకు నిద్రవట్టలేదన్నడు గదా, ఆయిన ఇల్లు గూడ కురుస్తుండెనా?"

"లేదమ్మా, పెద్ద బంగళా."

"మరి మనోళ్ల వెట్టి బందు వెట్టిండా?"

సభ పెట్టినవాళ్లకు దివాను మీద పొగడ్తలే కావాలి. అయినా ఉన్నమాటే అన్నాను. "లేదమ్మా, పెట్టలేదు. పద్యం మాత్రం మంచిది."

"మంచిగనే ఉన్నది. గయి రెండూ చెప్పు మరి," అని కూర్చుంది.

రాసుకున్న కాగితాలు పక్కన పెట్టి, పద్యం గొప్పా ఆగని వెట్టీ, రెండూ చెప్పాను. ఎవరూ కదల్లేదు.

తిరుగు బస్సులో అమ్మ నా కాళ్లు లాగి తన ఒళ్లో పెట్టుకుంది. నాట్లేసి వచ్చిన ఆడవాళ్లు ఒకరికొకరు చేసుకునే సేవ అది. కండక్టర్ చూస్తున్నాడన్నా వదల్లేదు. పిక్కలు పిసుకుతూ, "శానసేపు నిలవడ్డవు బిడ్డా, గుంజుతున్నయా?" అంది.

కొంచెం కూడా గుంజడం లేదు. కళ్లు మాత్రం నిండిపోయాయి.

"శాన గుంజుతున్నయే అమ్మా," అన్నాను.