మూడో పాదం

హామిల్టన్ వెళ్లే రైల్లో నా పక్క సీటు పెద్దాయన వేళ్లు లెక్కపెట్టుకుంటూ ఏదో గొణుగుతున్నారు. ప్రార్థనా అని అడిగాను.

"కాదండీ, పోయినవాళ్ల మీద రాసే స్మృతి పద్యం. మా ఆవిడ మీద. ఇవాళ పొద్దున్నే ఆమెకి పెద్ద ఆపరేషన్."

"అయ్యో, అలాంటివి ఇప్పుడే రాయకండి. మా వైపు తథాస్తు దేవతలుంటారు" అనేశాను.

ఆయన నవ్వారు. వాళ్లది వేల్స్ అట. వందల ఏళ్ల కిందట అక్కడి కవులు బతికున్న స్నేహితుల మీదే స్మృతి పద్యాలు కట్టేవారట. "పోయాక పొగిడితే వాళ్లెలా వింటారు? కానీ మా ఛందస్సులో పాదం మొదటి సగంలో వచ్చిన హల్లులే రెండో సగంలోనూ వరసగా రావాలి. మూడో పాదం కుదిరి చావడం లేదు."

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. వెంటనే ఎత్తారు. అవతల నీరసంగా వాళ్లావిడ గొంతు. ఆయన కళ్లు తుడుచుకుని, అక్కడికక్కడే పద్యం మొత్తం చదివారు. ఫోన్లోంచి నవ్వు నాకూ వినిపించింది.

"మూడో పాదం తప్పట!" అన్నారు నాతో, లాటరీ తగిలినవాడిలా. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

ఆ సాయంత్రం మావారు పెట్టిన చారు అద్భుతంగా ఉందని మొదటిసారి ఆయన మొహం మీదే చెప్పాను.

ఆయన గరిటె పక్కన పెట్టి, నా నుదురు మీద చెయ్యి వేసి చూశారు.