మేస్త్రి చెప్పేదాకా

మా బళ్ళో కంప్యూటరు ఫ్యాను తిరిగితే, చీమకుర్తి నుంచి నల్లరాయి వేసుకొచ్చే లారీ మా గోడలోంచి దూసుకుపోతున్నట్టుండేది. స్విచ్చి వేశాక తెర వెలిగేలోపు నారు పోసి, నాటి, కోసి, నూర్చుకుని రావచ్చు. దాని మీద చిన్నపిల్లలకు కోడింగు నేర్పాలని పైనుంచి ఆదేశం వచ్చింది. శిక్షణకు వెళ్ళొచ్చాను. అక్కడ గోంగూర బాగుంది. మిగతాది కొంచెం కొంచెం గుర్తుంది.

తెర మీద ఒక పిల్లి ఉంటుంది. ఏ మాట కింద ఏ మాట పేరిస్తే ఆ వరుసలోనే నడుస్తుంది. ఉన్నది ఒక్కటే కంప్యూటరు కాబట్టి పిల్లలు ముందు అట్టముక్కల మీద మాటలు రాసి నేలమీద పేర్చేవాళ్ళు. శనివారం ఒకరి వంతు. వాళ్ళు పేర్చింది కంప్యూటరుకెక్కించి పిల్లిని నడిపేవాళ్ళం.

మొదటిరోజు నేనే మరమనిషిని. “ముందుకి నడవండి సారూ” అన్నారు వెధవలు. ఆగమని ఒక్కడూ అనలేదు. మాట తప్పకూడదు గదా, వెళ్ళి ప్రహరీగోడను గుద్దుకున్నాను. నుదుటి మీద బొప్పి పెదకాకాని గాలిగోపురమంత లేచింది. “చూశారా, ఎప్పుడు ఆగాలో చెప్పకపోతే యంత్రం ఆగదు” అన్నాను, తల పట్టుకుని. పాఠం అందరికీ అర్థమైంది, ఒక్క పిల్లకి తప్ప.

ఆ పిల్ల మిరపకోతలకు వచ్చింది. వినుకొండ దాటి ఇంకా పడమర నుంచి, అమ్మానాన్నలతో. చేని గట్టున టార్పాలిన్ పట్టాల గుడిసెలో ఉండేవాళ్ళు. కోతలున్నన్నాళ్ళు మా బడి. అది వచ్చి కూర్చుంటే గౌను నుంచి లేచిన కారానికి ముందు వరుస తుమ్మేది, ఆ తుమ్ము వెనక గోడకు తగిలి తిరిగి నా బల్ల దాకా వచ్చేది.

మిగతావాళ్ళ పిల్లులు గెంతాయి, డాన్సులాడాయి. దాని పిల్లి మిరపకాయలు కోసింది. ముందుకు నడువు, కాయ కొయ్యి, సాలు అయిపోతే తిరుగు, మళ్ళీ మొదలుపెట్టు. అన్నిటికన్నా కింద, ఇంటికి వెళ్ళు. ‘ఎంతవరకు’ అన్న అట్టముక్క పక్కన మాత్రం ఖాళీ.

“ఎంతవరకు కొయ్యాలే?”

“అది మేస్త్రి చెప్తాడు సార్.”

“పిల్లికి మేస్త్రి ఎవడే?”

“ఉంటాడు సార్. మేస్త్రి లేకపోతే దాన్ని పనికెవరు తీసుకొచ్చారు?”

వెనకనుంచి ఒకడు, “పిల్లికి కూలేమిస్తారే?” అన్నాడు.

“పాలు. నీకు అవి గూడా ఇవ్వరు” అంది.

తెర మూలన పెట్టడానికి ఒక ఇంటి బొమ్మ గీసుకుంది. “ఇది మా ఊళ్ళో ఇల్లు సార్. తాళం మా అమ్మ కాడుంది.” పిల్లి ఆ ఇంటికి చేరడం కళ్ళారా చూడాలని దాని కోరిక. రోజూ అడిగేది, “శనారం నా పిల్లే గదా సార్ నడిచేది?”

ఆ వారం మబ్బు పట్టింది. కాయ తడుస్తుందని రైతులు ఆఖరికోత తొందరపెట్టారు. శుక్రవారం గంట కొట్టకముందే ఆ పిల్ల పరిగెత్తుకొచ్చింది.

“మేస్త్రి చెప్పాడు సార్. ఎల్లిపోతన్నాం. నా పిల్లిని ఇప్పుడు నడుపుతారా?”

స్విచ్చి వేశాను. లారీ మోత మొదలైంది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. ఇద్దరం దానికెదురుగా కూర్చున్నాం. బయట ట్రాక్టరు హారను కొట్టింది. వాళ్ళమ్మ గేటు దగ్గరికొచ్చింది.

“పంపండయ్యా, అందరూ ఎక్కేశారు.”

“ఒక్క నిమిషం అమ్మా.”

“మేస్త్రి తిడతన్నాడయ్యా.”

ఆ పిల్ల చక్రం వంకే చూస్తూ, “దీనికి గూడా ఎప్పుడాగాలో ఎవురూ చెప్పలేదా సార్?” అంది. లేచింది. గేటు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది. ట్రాక్టరు రోడ్డెక్కాక తెర వెలిగింది.

మర్నాడు పిల్లలు ఇంకెవరి వంతూ ఒప్పుకోలేదు. “దాందే నడపండి సారూ” అన్నారు. అది పేర్చినట్టే పేర్చాను. ఖాళీని ఖాళీగానే ఉంచాను. పిల్లి ఒక సాలు కోసి తిరిగింది, ఇంకో సాలు పట్టింది, మళ్ళీ తిరిగింది. ఇంటి బొమ్మ మూలన అట్లాగే ఉంది.

“ఇంటికెప్పుడెల్తది సారూ?” అంది ముందు వరుసలో పిల్ల.

మౌసు మీద చెయ్యి వేశాను. ఆపితే సాలు మధ్యలో ఆగిపోతుంది తప్ప ఇల్లు చేరదు. చెయ్యి తీసేశాను. పిల్లలు చూస్తూ కూర్చున్నారు. పిల్లి కోస్తూనే ఉంది. గదిలో ఒక్కరూ తుమ్మడం లేదు.