నడుముకు కట్టని తాడు

నాయిన బొగ్గుబాయి పనికి అన్‌ఫిట్ అని డాక్టర్లు తేల్చితే, ఆయన నౌకరీ నాకొచ్చింది. ఆఫీసులో కూర్చొని ఫైళ్లు అందించమన్నారు. నేను పంపుల సెక్షన్ అడిగాను. ఆ తర్వాత గాలి సిలిండర్ కట్టుకొని నీళ్లలోకి దిగే ట్రైనింగ్ అడిగాను. ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకన్నవాళ్లందరికీ ఒకటే మాట చెప్పాను: బొగ్గుబాయి దిగినోని బిడ్డను, నీళ్లకు భయపడతానా?

గోదావరిఖని పక్కన బొగ్గు తీసేసి వదిలిన ఓపెన్‌కాస్ట్ గుంత ఒకటి నిండా నీళ్లతో ఉంటుంది. పంపులు ఆ నీళ్లను తోడుతుంటాయి. పైపు మూతికి చెత్త పడితే దిగి తీసేది నేనే. అవే నీళ్లలో చేపలు పట్టేవాళ్ల మోటారు పడవలు తిరుగుతాయి. అందుకని నేను ఎటు పోతే అటు నా నెత్తి మీద ఒక పెద్ద బంతి తేలుతూ రావాలి. దాని మీద తెల్ల పట్టీ ఉన్న ఎర్రజెండా ఉంటుంది. కింద మనిషి ఉంది, దూరం జరగమని దాని అర్థం. బంతికి కట్టిన తాడు నా చేతిలోని చక్రానికి చుట్టి ఉంటుంది. లోతుకు పోతుంటే వదులుతాను, పైకి వస్తుంటే చుడతాను.

గొడవంతా ఆ తాడు గురించే. నేను చేత్తో పట్టుకుంటాను. మా సారు నడుముకు కట్టుకోమంటాడు. పడవలో నాకు తోడుండే కాక మాట కూడా అదే. ఆయన నాయిన దోస్తు. బాయిలో బొగ్గు డబ్బాలను తాడుతో గుంజే ఇంజన్ మీద ముప్పై ఏళ్లు పనిచేశాడు, ఇంకో మూడు నెలల్లో రిటైరు.

"పట్టుకుంటే జారుతది బిడ్డా. కట్టుకో" అన్నాడు ఆ పొద్దున.

"జారాలనే పట్టుకుంటున్న కాకా. ఏదన్న పడవ బంతిని ఈడ్చుకపోతే ఇడిచిపెడుత. కట్టుకుంటే నేను గూడ దానెంబడి పోత."

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అచ్చం మీ నాయినవే."

సారు మాత్రం తేల్చేశాడు: కట్టుకోకపోతే రేపటి నుంచి దిగేది లేదు, ఆఫీసుకు పో. రేపటి సంగతి కదా అని, తాడు చేత్తో పట్టుకునే దిగాను.

ఎనిమిది నిలువుల లోతున పైపు మూతికి చుట్టుకున్న వల ముక్కను కోస్తున్నాను. పైన గాలి లేచినట్టుంది, తాడు చేతిలో అదిరింది. అంతలోనే నా చెయ్యి భుజం దాకా పైకి లేచింది. ఎవరో బలంగా గుంజుతున్నారు. అంత లోతు నుంచి అంత వేగంగా పైకి పోతే ఊపిరితిత్తులు పగులుతాయి. చక్రాన్ని వదిలేశాను.

ఇక నెత్తి మీద జెండా లేదు, ఏ పడవ కింద తేలుతానో తెలియదు. భయం వేసింది. పైపునే పట్టుకొని, గాలి పీలుస్తూ వదులుతూ, నిమ్మళంగా పంపులను మోసే తెప్ప పక్కన తేలాను. అక్కడికి పడవలు రావు.

కాక పడవలో మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు. నేను వదిలేసిన చక్రం ఒళ్లో పెట్టుకొని, నాయిన పేరు పెట్టి, "నీ బిడ్డను నేనే సంపిన్రా" అని ఏడుస్తున్నాడు.

"బతికే ఉన్న కాకా. నిన్నెవరు గుంజమన్నరు?"

"జెండా ఊగింది బిడ్డా. బాయిల కిందోళ్లు సైగ తాడు ఊపితే ఇంజన్ గుంజుడే నాకెరుక. గాలి అనుకోలే."

తిట్టాను. నాయిన దోస్తని చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను.

ఒడ్డున సారు నిలబడి ఉన్నాడు. "చూసినవా, తాడు జారింది. ఇందుకే కట్టుకోమన్న. ఇగ రేపు ఆఫీసుకు రా" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే కాక ముందుకొచ్చాడు. సర్వీసంతా తప్పు చేశావని కంపెనీ తనకు ఒక్క చార్జిషీటూ ఇయ్యలేదని ఊరంతా తిరిగి చెప్పుకునే మనిషి.

"జారలే సార్. గుంజింది నేను, ఇడిచిపెట్టింది ఆమె. మీరన్నట్టు కట్టుకుంటే ఈ పాటికి పీనుగను ఒడ్డుకు తెద్దును. రాసుకోండి, సంతకం పెడుత."

సారు రాసుకోలేదు, మళ్లీ ఆఫీసు మాటా ఎత్తలేదు.

మర్నాడు గుంత దగ్గరికే పోయాను. తాడు చేత్తోనే పట్టుకున్నాను. కాక పడవలో కూర్చొని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

"దిగు బిడ్డా. జెండా ఎంత ఊగినా నేను తాడు ముట్ట."