రెండు కొసలూ ఒప్పుకున్న తప్పు

1981 జూన్‌లో నన్ను టెలిఫోన్ శాఖ జూనియర్ ఇంజినీరుగా ఆదోనికి వేశారు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. ఎక్స్ఛేంజీ పనితో పాటు ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లే ట్రంకు లైను కూడా నా కిందే ఉండేది. ట్రంకు లైనంటే ఒక ఊరి ఎక్స్ఛేంజీని ఇంకో ఊరి ఎక్స్ఛేంజీతో కలిపే తీగల జత. ఆ రోజుల్లో అది రోడ్డు వెంట స్తంభాల మీద పోయేది. సుమారు ముప్పై కిలోమీటర్లు, నాలుగు వందల ఎనభై స్తంభాలు. ఆదోని నుంచి లెక్కపెడుతూ ప్రతిదానికీ నంబరు పలక కొట్టి ఉండేది.

ఆ లైను చూసుకునే లైన్‌మన్ పేరు ఈరన్న. గోనెగండ్ల మనిషి, నలభై దాటినవాడు. చాలా ఏళ్లు రోజుకూలీగా గుంతలు తవ్వి, స్తంభాలు మోసి, ఆ మధ్యనే లైన్‌మన్ అయ్యాడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేసే కాగితం మీద మొదటి సిఫారసు నేనే రాయాలి.

వానలు మొదలయ్యాక ఆ లైనులో గరగర మొదలైంది. పొద్దున పూట మాట వినపడేది కాదు. ఎండ ముదిరేసరికి తనంతట తానే సర్దుకునేది. మర్నాడు మళ్లీ అదే వరస. ఒక రోజు ఎమ్మిగనూరు డాక్టరుగారు ఆదోని ఆస్పత్రికి ఫోను చేసి, ఎంత అరిచినా అవతల వాళ్లకు అర్థం కాక, కాన్పు కష్టమైన మనిషిని కబురు లేకుండానే జీపులో పంపాల్సి వచ్చింది. తల్లీ బిడ్డా బతికారు. కర్నూలు నుంచి డివిజనల్ ఇంజినీరు మాత్రం నన్ను ఫోనులోనే దులిపేశారు.

లోపం ఎక్కడుందో కనుక్కోవడానికి మాకు బ్రిడ్జి అనే పెట్టె ఉండేది. జతలో ఒక తీగ భూమికి తగులుతూ ఉంటే, రెండో మంచి తీగతో కలిపి చుట్టులా చేసి, పెట్టె మీద మరలు తిప్పుతూ ముల్లును సున్నా మీదికి తెస్తాం. మరల మీద వచ్చే అంకెల నిష్పత్తిని లైను పొడవుతో గుణిస్తే లోపం ఎంత దూరాన ఉందో తెలుస్తుంది. తీగ మొత్తం నిరోధం, అంటే అది కరెంటును ఎంత అడ్డుకుంటుందో, కొలవక్కర్లేదు. ఆ పద్ధతిలోని సుఖమే అది. నా లెక్కకు లోపం మూడు వందల ముప్పయ్యో స్తంభం దగ్గర తేలింది.

ఈరన్నను పంపాను. సైకిలు మీద వెళ్లి, సాయంత్రం వచ్చి డైరీలో రాశాడు: ఇరవై స్తంభాలు ఎక్కి చూశాను, లోపం కనపడలేదు. మర్నాడు పొద్దున మళ్లీ గరగర. మళ్లీ కొలిచాను, అదే అంకె. మళ్లీ పంపాను, అదే జవాబు.

అనుమానం వచ్చి మరుసటి రోజు తొలి బస్సుకే ఎమ్మిగనూరు వెళ్లి ఆ కొస నుంచి కొలిచాను. అటు నుంచి లెక్క వేసినా సరిగ్గా మూడు వందల ముప్పయ్యో స్తంభమే వచ్చింది. రెండు కొసల నుంచి వేరువేరుగా కొలిస్తే ఒకే స్తంభం వచ్చినప్పుడు ఇక సందేహం ఏముంటుంది? లోపం అక్కడే ఉంది, ఈరన్న స్తంభాలు ఎక్కడం లేదు అని తేల్చుకున్నాను. ఎక్కకపోయినా మధ్యాహ్నానికి లైను ఎలాగూ బాగవుతుంది కాబట్టి ధీమాగా ఉన్నాడనుకున్నాను. అతని డైరీలో ఎర్ర సిరాతో ‘అబద్ధపు నమోదు’ అని రాసి సంతకం చేశాను. ఖాయం చేయడం ఆపమని కర్నూలుకు రిపోర్టు పంపాను.

రెండు రోజుల తరువాత ఈరన్న నా బల్ల ముందు నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"సారూ, లైను ఇప్పి సూద్దామని రెండుమార్లు అడిగినా. మీరు వద్దంటిరి. ఒక్క దినం నాతో రాండి. మీరు సెప్పిన కంబం కాడ మీరే సూపియ్యండి. ఉంటే ఈ ఉద్యోగం నేనే ఇడిసిపెడ్తా."

అతను అడిగిన మాట నిజమే. లైను మధ్యలో అక్కడక్కడ టెస్టు స్తంభాలుంటాయి. అక్కడ తీగలు విప్పితే లైను రెండు ముక్కలవుతుంది. ఏ ముక్కలో గరగర ఉంటే లోపం అందులో ఉన్నట్టు. అయితే విప్పినంతసేపూ ఎమ్మిగనూరుకు మాట్లాడే దారి పూర్తిగా తెగిపోతుంది. నా అనుమతి లేకుండా లైన్‌మన్ ఆ పని చేయకూడదు. బ్రిడ్జి ఇంత స్పష్టంగా చెబుతుంటే లైను తెంపడం దేనికని నేను ఒప్పుకోలేదు.

మర్నాడు సన్నటి జల్లులో జీపు వేసుకుని ఇద్దరం బయల్దేరాం. నిజం చెప్పాలంటే అతని తప్పు అతనికే చూపించాలని వెళ్లాను. మూడు వందల ముప్పై దగ్గర దిగాం. నల్లరేగడిలో చెప్పులు దిగబడిపోతుంటే చేత పట్టుకుని నడిచాం. ఆ స్తంభమూ అటు పది, ఇటు పది అతను నా కళ్ల ముందే ఎక్కాడు. తీగను పట్టి ఉంచే పింగాణీ కప్పులన్నిటినీ గుడ్డతో తుడిచి, చేత్తో తడిమి చూశాడు. ఒక్క పగులు లేదు. జీపులోని ఫోను తగిలించి వింటే గరగర మాత్రం వినిపిస్తూనే ఉంది.

ఈరన్న కిందికి దిగి నా మొహం వంక చూశాడు. నేనే, "సరే, విప్పు" అన్నాను.

ఆదోని వైపు రెండు కిలోమీటర్లకు పైగా వెనక్కి వచ్చి టెస్టు స్తంభం దగ్గర తీగలు విప్పించాను. ఎమ్మిగనూరు ముక్క శుభ్రంగా పలికింది. గరగర ఆదోని ముక్కలో ఉంది. నా లెక్క ప్రకారం అది జరగని పని. ఇంకో అయిదు కిలోమీటర్లు వెనక్కి వచ్చి అక్కడ విప్పితే ఆదోని ముక్క కూడా శుభ్రంగా ఉంది. అంటే లోపం ఈ రెండు టెస్టు స్తంభాల నడుమ ఉంది. ఈరన్న ఒక్కొక్కటీ ఎక్కుతూ పోయాడు. రెండు వందల నలభై మూడో స్తంభం మీంచి కేక వేశాడు.

"దొరికినాది సారూ! కప్పు పగిలినాది. ఎంటికంత సీలిక."

తడిసినప్పుడు ఆ చీలికలోంచి నీటి చెమ్మ వెంట కరెంటు స్తంభంలోకి దిగిపోతోంది, ఎండకు ఆరిపోగానే ఆగిపోతోంది. కప్పు మార్చాక లైను గంటలా మోగింది.

మిగిలింది నా ప్రశ్న. బ్రిడ్జి ఎందుకు అబద్ధం చెప్పింది? తిరుగు ప్రయాణంలో అదే పైకి అన్నాను. ఈరన్న మామూలుగా చెప్పాడు.

"ఆదోని కాడ వాగు దాటినాక ఇనపతీగ ఉండాది గదా సారూ. పోయిన ఏడు దొంగలు రాగితీగ కోసుకొని పోయినారు. స్టోరులో రాగి లేకపాయ, ఇనపది ఏసినాం. మీకు ఎరికే అనుకొంటి."

జీపు ఆపించి తలెత్తి చూశాను. అరవయ్యో స్తంభం నుంచి దాదాపు మూడు కిలోమీటర్లు, తుప్పు రంగు తీగ. దాని కిందుగా అప్పటికి ఎన్నోసార్లు తిరిగాను. నా గదిలోని లైను పటంలో మాత్రం మొత్తం రాగి అనే ఉంది. నేను లెక్క వేసిందంతా ఆ పటాన్ని నమ్మి.

అదే మందం ఇనుప తీగ రాగికి ఆరేడు రెట్లు నిరోధం చూపిస్తుంది. బ్రిడ్జి కొలిచేది నిరోధాన్ని, పొడవును కాదు. దాని దృష్టిలో ఆ మూడు కిలోమీటర్లు ఇరవై కిలోమీటర్లకు పైమాటే. అందుకే అవతల ఉన్న లోపాన్ని ఇంకా దూరంగా చూపించింది. ఎమ్మిగనూరు నుంచి కొలిస్తే ఆ ఇనుము లోపానికి అవతల పడుతుంది, దాంతో అవతలి భాగం పొడవుగా, ఇవతలిది పొట్టిగా తేలుతుంది. కాబట్టి అదే తప్పు జవాబు వచ్చింది. ఆఫీసుకు వెళ్లి పాత నిష్పత్తులతోనే, ఇనుమును లెక్కలోకి తీసుకుని మళ్లీ వేస్తే రెండు వందల నలభై దగ్గరికి వచ్చింది. అంకెలు మొదటి నుంచీ సరైనవే. వాటికి నేను చెప్పుకున్న అర్థం తప్పు.

ఆ సాయంత్రమే కర్నూలుకు ఫోను చేసి జరిగింది చెప్పాను. రిపోర్టు వెనక్కి తీసుకుంటే నా సర్వీసు పుస్తకంలో మచ్చ పడుతుందని డివిజనల్ ఇంజినీరు హెచ్చరించారు. ఆ మాట తలలో తిరుగుతుండగానే రిపోర్టు వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాశాను. మచ్చ పడింది కూడా. ‘తగినంత పరిశీలన లేకుండా కింది ఉద్యోగిపై ఆరోపణ’ అని. నా ప్రమోషను ఒక ఏడు వెనకబడింది. ఈరన్న కాగితం చాలా నెలలు తిరిగి తిరిగి చివరికి ఖాయమై వచ్చింది.

నేను క్షమాపణ చెప్పబోతే అతను ఆపి డైరీ తెరిచి ముందు పెట్టాడు.

"ఇదంతా ఎందుకు సారూ. ఈడ ఎర్రసిరాతో రాసినారే, దాన్ని కొట్టేసి సంతకం పెట్టండి. నా తర్వాత ఇది సదివేవాళ్లు ఉంటారు."

కొట్టేసి, పక్కన కారణం రాసి, సంతకం పెట్టాను.

తరువాత ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ఏ ఊళ్లో చేరినా మొదటి వారంలో లైను పటం చేత పట్టుకుని, ఆ లైను మీద అందరికంటే పాత లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచేవాణ్ని. ఎక్కడ ఏం మార్చారో అడిగి పటంలో రాసుకునేవాణ్ని. బ్రిడ్జి పరీక్షకు ముందు మొత్తం నిరోధం కొలిచి పటంతో పోల్చడం తప్పనిసరి చేశాను. ఆదోనిలో ఆ ఒక్క అంకె చూసి ఉంటే, ఉండాల్సిన దానికి ఒకటిన్నర రెట్లు ఉందని అయిదు నిమిషాల్లో తెలిసేది. రెండు కొలతలు ఒకదానితో ఒకటి ఏకీభవించినంత మాత్రాన అవి నిజమని కాదు. రెండూ ఒకే పటాన్ని నమ్ముకుని ఉంటే అవి రెండు సాక్ష్యాలు కావు, ఒక్కటే. స్తంభం ఎక్కి వచ్చిన మనిషి మాట రెండోది.