తలా ఒక ఎద్దు

ఈ ఏడు మిరుగం వాన, అదే మృగశిర కార్తె తొలకరి, పడిన మర్నాడే పెద్ద మేనల్లుడు గద్వాల నుంచి కారులో వచ్చి, కొత్తకోటలో నన్నూ ఎక్కించుకుని, బిజినేపల్లి పక్కనున్న మా పుట్టింటి ఊరికి తీసుకుపోయాడు. చేను దున్నించాలట, అత్త కూడా ఒకసారి వచ్చి చూసిపోతే బాగుంటుందట. వాడి కూతురు, ఒకటో తరగతి పిల్ల, వెనక సీట్లో ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. మేము చేరేసరికి ట్రాక్టరు చిన్న మేనల్లుడి చేనులో దున్నుతోంది. మా అన్న పోయాక ఆయన కొడుకులిద్దరూ పంచుకున్న చేలవి, నడుమ మూరెడు గెట్టు తప్ప ఇంకేమీ లేదు. అటు దున్నడం అయిపోగానే ట్రాక్టరు గెట్టు దాటి ఇటు వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు. నాగళ్లు పైకెత్తుకుని, బండిబాట పట్టి, ఊరి దాకా పోయి చుట్టు తిరిగి వచ్చింది. దాటి పోవద్దని చిన్నవాడన్నాడో, దాటి రావద్దని పెద్దవాడన్నాడో డ్రైవరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, కాడికి ఎడమ పక్క నడిచేది దాపటెద్దు, కుడి పక్క నడిచేది వలపటెద్దు. కోడెగా ఉన్నప్పుడు ఏ పక్క అలవాటు చేస్తే చచ్చేదాకా ఆ పక్కే నడుస్తుంది, పక్క మార్చి కట్టారంటే కాడి విరగ్గొట్టుకుంటుంది తప్ప అడుగు వేయదు. మా తాత పోయిన తర్వాత నాయనా చిన్నాయనా వేరుపడినప్పుడు చేను సగం చేశారు, ఇల్లు సగం చేశారు, చివరికి జొన్నగంప కూడా సగం చేశారు గానీ ఎద్దుల జత దగ్గరికి వచ్చేసరికి పెద్దమనుషులు తలలు గోక్కున్నారు. గోక్కుని గోక్కుని, తలా ఒకటి తీసుకొమ్మన్నారు. దాపటిది మాకు, వలపటిది చిన్నాయనకు, దున్నేటప్పుడు కలుపుకొమ్మని తీర్పు. ఇదేం పంపకం, తలా ఒక చెప్పు ఇచ్చినట్టు, అని మా అమ్మ చాలాకాలం ఆ పెద్దమనుషులను తిట్టుకుంది.

ఒకటి రెండేళ్లు బాగానే కలుపుకున్నారు. ఆ తర్వాత ఒక ఎండాకాలం నాయన గెట్టు మీది తుమ్మచెట్టును కొట్టించి కొత్త నాగలి చేయించాడు. గెట్టంటే ఇద్దరిదీ, చెట్టూ ఇద్దరిదే, ఒక్క మాటైనా అడగలేదే అని చిన్నాయనకు కోపం వచ్చింది. మాటకు మాట పెరిగి, ఆఖరికి మాటలే పోయాయి. అంత సోకుగా చేయించిన నాగలి గోడకు ఆనించి ఉంది, దాన్ని లాగే జత మాత్రం రెండు కొట్టాల్లో చెరొకటి ఉంది. పొద్దుగూకేటప్పుడు మా ఎద్దు అరిస్తే అటునుంచి అది అరిచేది. ఆ అరుపులకు మా చిన్న తమ్ముడు చెవులు మూసుకుని అమ్మ ఒళ్లో దూరేవాడు.

ఇంతలో మిరుగం వాన పడింది. ఊరంతా నాగళ్లు కట్టారు. మాది మెట్ట, ఎర్రనేల, వాన వెలిసిందంటే పదును, అంటే దున్నడానికి సరిపడే తడి, నాలుగు రోజులైనా ఆగదు, అందులో ఆ ఏడు పడమటి గాలి తోడైంది. నాయన ఊరంతా తిరిగి ఎవరిదో ఒక ఎద్దును బతిమాలి తెచ్చాడు గానీ అది కూడా దాపటిదే, కాడి కిందికి రాగానే అడ్డం తిరిగి నిలబడిపోయింది. అంతకు ముందు ఏడు ఆముదాలు సరిగా పండలేదు. ఈసారి విత్తు పడకపోతే మమ్మల్ని అవ్వ దగ్గర వదిలేసి అమ్మానాయనలు మట్టిపనికి దూరదేశం పోవాలి, ఆ సంగతి పిల్లలమైన మాకు కూడా తెలుసు. కూలీలను గుంపుగా తోలుకుపోయే మేస్త్రి ఎవరూ పిలవకుండానే ఆ రోజు మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు. ఒక్క మాట అడగలేదు, పిల్లలెంతమందని మాత్రం చూపుతో లెక్క పెట్టుకున్నట్టు మమ్మల్ని చూశాడు. ఆ చూపును నేనిప్పటికీ మర్చిపోలేదు.

ఆయన వచ్చిపోయిన మర్నాడు తెల్లారగానే అమ్మ ఎవరితోనూ చెప్పకుండా మా ఎద్దును విప్పి, వీధి వెంట నడిపించుకుంటూ పోయి, చిన్నాయన కొట్టంలో రెండోదాని పక్కన కట్టేసి వచ్చింది. చిన్నమ్మ బయటికి వచ్చి చూసి, దాని ముందర కుడితి తొట్టి పెట్టిందట. నాయన లేచి ఖాళీ గుంజను చూసి కాసేపు గుర్రుమన్నాడు. తర్వాత ఆ తుమ్మనాగలిని భుజాన వేసుకుని చేనికి నడిచాడు. చిన్నాయన జతను తోలుకుని వచ్చాడు.

ఆ పొద్దున వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు, ఎద్దులతో మాట్లాడారు. చిన్నాయన వలపటిదాని వీపు తట్టి, "ఏం బిడ్డా, గాయన పొద్దుగాల సంది ఏం తిన్నట్టు లేదు, జర అడుగు" అన్నాడు. నాయన దాపటిదాని చెవిలో చెప్పినట్టే, ఊరంతా వినేట్టు, "తినుడు తర్వాత సంగతి గానీ, దూపైతుంది, గా ముంత ఇటు తెమ్మను" అన్నాడు. విత్తనాలు వేస్తున్న అమ్మా చిన్నమ్మా కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుకున్నారు. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి ఇద్దరి మధ్యా నేరుగానే మాటలు మొదలై, పాపం ఎద్దులకు రాయబారం తప్పింది. ముందు మా చేను విత్తి, ఆ వెంటనే చిన్నాయనది విత్తారు, మేస్త్రి ఆ ఏడు మా వీధికి మళ్లీ రాలేదు.

తుమ్మచెట్టు తగాదా తేలిందా అంటే తేలలేదు. ఆ నాగలి కనపడినప్పుడల్లా చిన్నాయన మా తుమ్మ, మా తుమ్మ అని దెప్పుతూనే ఉండేవాడు. నిజం చెప్పాలంటే వాళ్లు ప్రేమలు పొంగి కలిసినవాళ్లు కారు. పదును పోతుందన్న భయం కలిపింది, అవసరం కలిపింది, కలిసి కలిసి చివరికి అలవాటై చిన్నాయన పోయిన నాడు నాయన అన్నం ముట్టలేదు. మా అమ్మ తిట్టిన ఆ పెద్దమనుషులు ఎంత ముందుచూపున్న వాళ్లో ఇప్పుడు అర్థమవుతోంది.

ఇవన్నీ తలచుకుంటూ గెట్టు దాటి చిన్న మేనల్లుడి దగ్గరికి పోయాను. నాగర్‌కర్నూల్‌లో ఉంటాడు, మర్యాద తెలిసినవాడు, నన్ను చూడగానే నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చాడు. అన్నతో మాటలు ఎందుకు పోయాయిరా అంటే వాడికే సరిగ్గా గుర్తులేదు, ఎవరింటి పండుగకో ఎవరో రాలేదట. నువ్వైనా ఒక మాట కలపరాదా అన్నాను. "అన్నతోని నాకేం పనుంది అత్తా? కోపం గిట్ట ఏం లేదు. ఫోన్ చేస్తే ట్రాక్టరొస్తది, ఒక్క గంటల అయిపోతది" అన్నాడు. నేను వెదికాను గానీ, నీకు అన్నతో ఈ పని ఉందిరా అని చెప్పడానికి నాకు ఒక్క పనీ దొరకలేదు.

తిరిగి ఇటు వచ్చేసరికి పిల్ల కారు దిగి నిలబడి ఉంది. నేను మాట్లాడి వచ్చిన మనిషి వైపు వేలు చూపించి, ఆయన ఎవరు డాడీ అని అడిగింది. పెద్ద మేనల్లుడు ఒకసారి అటు చూసి, "పక్క చేనాయన, బిడ్డా" అన్నాడు. ఆ మాట పళ్లు కొరుకుతూ అని ఉంటే నాకు ధైర్యంగానే ఉండేది, కోపం ఉన్నచోట ఇంకా చుట్టరికం మిగిలి ఉన్నట్టే. వాడు ఉన్నమాట చెప్పినట్టు, మామూలుగా అన్నాడు. మీ చిన్నాయనే తల్లీ అని నేను చెప్పాను. పిల్ల సరేనని తలూపి మళ్లీ కారెక్కి ఫోన్ అందుకుంది.

గెట్టుకు అటూ ఇటూ నేల ఒకే తీరుగా ఎర్రగా తిరగబడి ఉంది. పదును ఎవరికీ పోలేదు. ఈ ఏడు ఇద్దరికీ పంట బాగానే వస్తుంది, వచ్చే ఏడూ వస్తుంది. ఒకరి గడప ఒకరు తొక్కవలసిన అవసరం ఇక ఏ వానా తీసుకురాదు.