బోడి చేతుల రాణి

మలాయి దేశంలో, ఇపో పట్నంలో, మా వీధి చివర సినిమా హాలుకు బొమ్మలు రాసేవాడు పొద్దున్నే వజ్రం బంక ఉడకబెడతాడు. గుడ్డకు రంగు పట్టడానికి పూసే ఆ జిగురు వాసనకు ఇరుగుపొరుగు వాళ్ళు ముక్కులు మూసుకుని శాపనార్థాలు పెడతారు. నేను మాత్రం నిలబడి గుండెల నిండా పీలుస్తాను. నేను మొట్టమొదటిసారి భయం లేకుండా బతికిన వారం ఆ వాసనలోనే గడిచింది. ఆ వారాన్ని నాకిచ్చిన మనిషి సింహాచలం మేష్టారు.

ఆయన మా రబ్బరు తోటలో బడిపంతులు. మా నాన్నలాగే విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవారు. పగలు కూలీల పిల్లలకు గుణింతాలు దిద్దించేవారు. అమ్మవారి పండగకు మేం వేసే నాటకంలో ఏటా రాణి వేషం ఆయనదే, కొన్నేళ్ళుగా రాజు వేషం నాది. రాణికి గాజులు కొనకూడదని మా తోటలో ఒక ఆచారం. నాటకం నాడు ముత్తైదువులు తలా ఒక గాజు తమ చేతి నుంచి తీసి ఆయనకు తొడిగేవారు. అదే వేషానికి దీవెన. మోచేతుల దాకా రంగురంగుల గాజులతో ఆయన నడిచొస్తుంటే నిజం రాణులు కూడా పక్కకు తప్పుకోవాల్సిందే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. రబ్బరు పాలు తూచే కొట్టంలో పని. నాన్న పెళ్ళి కుదిర్చాడు. నా మనసు ఆడపిల్లల మీదకు పోదనీ, మగవాళ్ళ మీదకే పోతుందనీ నాకు తెలుసు. మేష్టారు ఎలా కనిపెట్టారో మాత్రం తెలియదు. పట్నం నాటకాలు చూస్తే వీడికి వేషం ఇంకా బాగా పట్టుబడుతుందని నాన్నను ఒప్పించి, ఆయన ఏటా వెళ్ళే జార్జ్ టౌన్‌కు ఆ ఏడు నన్ను కూడా తీసుకెళ్ళారు.

అక్కడ అసెంగ్ ఉన్నాడు. మలాయి నాటక కంపెనీలకు తెరలు రాసే చీనా మనిషి. వజ్రం వాసన నిండిన అతని మేడ మీద ఒక గోడకు రాజమహలు, ఇంకో గోడకు సముద్రం వేలాడుతున్నాయి. మేష్టారు మెట్లెక్కగానే అతను కుంచె పడేసి, రంగు చేతులతోనే ఆయన్ని వాటేసుకున్నాడు. నేను తల దించుకున్నాను.

"నేలకేసి ఏటి సూస్తన్నావురా అప్పన్నా? తలెత్తి సూడు. ఏడేళ్ళయినాది మాకు," అన్నారు మేష్టారు.

రోజుకొక నాటకం చూశాం. కత్తియుద్ధాలు, మధ్యలో ఫిడేలు పాటలు, ఆడవేషంలో కుర్రకారుకు మతిపోగొట్టే మలాయి నటుడు. ఒక సాయంత్రం ఊరి వినోదాల తోటలో డాన్సులు కూడా చూశాం. ఆ తర్వాత అసెంగ్ మేడ మీద మాలాంటివాళ్ళే చేరేవారు. గుమాస్తాలు, ఓడ కళాసీలు, క్లాంగ్ నుంచి వచ్చిన ఒక తెలుగు దర్జీ తాత. బొమ్మ సముద్రం ముందు మగవాళ్ళు మగవాళ్ళ నడుం పట్టుకుని ఆడారు. నాతో దర్జీ తాత ఆడాడు. నేను నాలుగుసార్లు కాలు తొక్కితే, "పర్లేదు లా, ఇంకో కాలు ఉంది గదా నాకు," అన్నాడు, మలాయి వాళ్ళ తీరున మాటకు 'లా' తగిలించి. కడుపుబ్బ నవ్వాను. ఎవరు వింటారోనని చూసుకోకుండా నవ్వడం నాకదే మొదలు.

చివరి రోజు మేష్టారికి చెప్పాను. "పెళ్ళి సేసుకుంటాను మేష్టారూ. అందరూ సేసుకుంటన్నారు. నా సంగతి ఎవలికీ తెలీదు."

ఆయనకు కోపం ముక్కు మీదకొచ్చింది. "ఆ గుంటకి తెలుత్తాది. రోజూ తెలుత్తాది. నీ బయానికి ఆ పిల్లెందుకురా బలి?"

తిరిగొచ్చేసరికి కబురు మాకంటే ముందే తోటకు చేరింది. వినోదాల తోటలో అసెంగ్ చెయ్యి పట్టుకున్న మేష్టారిని మావాళ్ళెవరో చూశారట. కూలీలందరి మీదా పెత్తనం చేసే కంగాణి, పెద్దల్ని వెంటేసుకుని బడి అరుగు మీదకొచ్చాడు.

"ఈ ఏడు మా ఆడోళ్ళు గాజులియ్యరు. ఏసం ఇంకొకలు కడతారు."

"గాజులు మీవి. ఏసం నాది," అన్నారు మేష్టారు.

నాన్న నా వైపు తిరిగాడు. "ఆయన పక్కన నిలబడ్డావా, సమ్మందం పోద్ది. నువ్వు నాకు కొడుకువీ కావు."

నాటకం నాడు ఆయన పట్టుచీర కట్టి, కాసు బిళ్ళంత బొట్టు పెట్టి, బోడి చేతులతో పందిట్లోకొచ్చారు. మావాళ్ళలో ఆ చేతులు విధవకే ఉంటాయి. జనం అపశకునమని గొల్లుమన్నారు. ఆయన రెండు చేతులూ ఎత్తి అందరికీ కనిపించేలా నమస్కరించి, పద్యం ఎత్తుకున్నారు. రాజును సభకు పిలిచారు. నేను తెర వెనక కిరీటం పట్టుకుని అక్కడే ఉండిపోయాను. మళ్ళీ పిలిచారు. మూడోసారి పిలవలేదు. నా పద్యం కూడా తనే అందుకున్నారు.

అది నాకు భరించరానిదైంది. నా నోట రావలసిన మాట, నేను బతికుండగానే ఇంకొకరు పాడుతున్నారు. కిరీటం పెట్టుకుని బయటికొచ్చి, ఆ పద్యం ఆయన గొంతులోంచి లాక్కుని పాడాను. ఆయన బోడి చేతిని పట్టుకుని సింహాసనం దాకా నడిపించాను. నాన్న లేచి వెళ్ళిపోయాడు. అమ్మ చివరి పద్యం దాకా కూర్చుంది.

సంబంధం పోయింది. ఆ పిల్లకు మరుసటి ఏడు మంచి మనువే కుదిరింది. మేష్టారి బడి ఉద్యోగం కూడా ఊడింది. రైలెక్కించడానికి వెళ్ళి నేను ఏడుస్తుంటే ఆయన విసుక్కున్నారు. "ఎందుకురా ఏడుపు? అసెంగ్ కాడ ఏడాదికి వారమే ఉండీవోణ్ని. ఇప్పుడు ఏడాదంతా ఉంటాను లా!"

మేష్టారు కన్నుమూసి రెండేళ్ళయింది. ఆయన ధైర్యం నాకు పూర్తిగా అబ్బలేదు. వీధిలో నలుగురు నా వైపు చూసి నవ్వితే ఇప్పటికీ నేలకేసి చూస్తాను. కానీ పన్నెండేళ్ళుగా నాతో కాపురం చేస్తున్న మనిషిని, ఎవరడిగినా, తమ్ముడని అబద్ధం చెప్పలేదు.